వైరు లేని గిటారు

కచేరీ ఉన్న రోజు ఆ ఇంట్లో పనులన్నీ సాయంత్రం అయిదింటికల్లా తెమిలిపోవాలి. అలమరలో ఉన్న గాజు గ్లాసులు దించి, నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాలి. గోడ మీది పెళ్లిఫోటో తీసి మంచం మీద బోర్లా పెట్టాలి. తినడం, మందులు మింగడం, ఏమైనా దెబ్బలాటలు మిగిలిపోయి ఉంటే అవి కూడా అయిదు లోపే. ఎందుకంటే అయిదున్నర దాటితే రెండు గంటలపాటు ఆ ఇంటాయన మాట్లాడలేడు. నోరు తెరిస్తే మాటకి బదులు బాస్ గిటారు మోగుతుంది.

బాస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగలుండే గిటారు. పాట పైన ఎవరెన్ని వేషాలు వేసినా, అడుగున దుమ్ దుమ్ అంటూ దాని పాటికి అది నడుస్తుంది. ఉన్నంతసేపూ ఉన్నట్టు తెలియదు. లేకపోతే మాత్రం పాట నిలబడదంటారు. అన్నది ఎవరో కాదు, ఆయనే.

ఆయన లిఫ్టు మెకానిక్. ముప్ఫై ఏళ్ల కిందట, ఇంకా మీసాలు సరిగ్గా రాని రోజుల్లో, నలుగురు స్నేహితులు ఒక కారు షెడ్డులో బ్యాండు పెట్టారు. రేడియోలో వచ్చే నున్నటి పాటలంటే వాళ్లకి ఒళ్లుమంట. పాటంటే గరుకుగా ఉండాలి, వింటే మోకాలు చెక్కుకుపోయినట్టుండాలి అనేవాళ్లు. రెండేళ్లు వాయించాక లిఫ్టు కంపెనీ నుంచి ఈయనకి ఉద్యోగం కాగితం వచ్చింది. రేపోమాపో ఊడిపోయే బ్యాండుకి బతుకంతా రాసిస్తానా అనుకుని ఉద్యోగంలో చేరిపోయాడు. ఆర్నెల్లు తిరక్కుండా బ్యాండు పాటలు ప్రతి కిటికీలోంచీ వినపడ్డాయి. అదృష్టం తలుపు తట్టినప్పుడు మనవాడు వేరేవాళ్ల తలుపు బాగుచేస్తున్నాడు.

కొత్తగా తెచ్చుకున్న బాస్ వాడు మొదటి కచేరీలో తీగ మీటాడు. స్పీకర్లలో శబ్దం వచ్చింది గానీ, అది వాడిది కాదు. ఆ సమయానికి ఈయన నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టు గొయ్యిలో వేలాడుతున్నాడు. ఈయన ఛాతీలో మోగింది అక్కడ వినపడింది. అంతే, ఆ రోజు నుంచి బ్యాండు ఏ ఊళ్లో వాయించినా బాస్ ఈయన గుండెలోంచే పోతుంది. డాక్టర్లు చూసి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. లిఫ్టు కంపెనీ వాళ్లు కచేరీ రోజుల్లో పొద్దుటి డ్యూటీ వేశారు. పక్కింటి వాళ్లు తమ గ్లాసులు కూడా దించుకోవడం అలవాటు చేసుకున్నారు. బ్యాండు వాళ్లు ఏడాదికొక టీషర్టు పంపేవాళ్లు. ప్రతిసారీ చంకల దగ్గర పట్టేసేది. ఆయన భార్య దాన్ని కత్తిరించి కుట్టుమిషను తుడుచుకునే గుడ్డ చేసుకునేది.

ఆవిడకి వీధి మలుపులో బట్టలు సరిచేసే కొట్టుంది. కొత్తవి కుట్టదు. వదులైనవి బిగించడం, బిగువైనవి వదలడం, జిప్పులు మార్చడం, చిరుగులు కనపడకుండా కలపడం. అందరూ టైలరమ్మ అంటారు. పెళ్లికి ముందే ఆయన తన ఛాతీ సంగతి చెప్పాడు, దాచలేదు. ఎవరి ఇంట్లో ఏ మోత ఉండదు గనక అనుకుని ఒప్పుకుంది.

ఒప్పుకోవడం వేరు, కాపురం చెయ్యడం వేరు. కూతురి బడిలో నాటకం రోజు కచేరీ. అత్తగారి ప్రాణం పోతున్న సాయంత్రం కచేరీ. కన్నకొడుకు గొంతు ఒక్కసారి వినాలని ముసలావిడ చెవి దగ్గరికి రమ్మంది. వెళ్లాడు, కానీ చెవిలో పడింది దుమ్ దుమ్మే. చూసినవాళ్లు ఏమన్నా అంటే టైలరమ్మ ఊరుకునేది కాదు. "పాపం, ఆయనేం చేస్తారు? ఆయన చేతిలో ఉందా?" అని ఎదురు తిరిగేది.

ఇంకో సాయంత్రం ఉంది. దాన్ని గురించి ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు గానీ కథ కాబట్టి చెప్పక తప్పదు. రెండో కాన్పు, ఏడో నెల. ఉన్నట్టుండి నొప్పి, రక్తం. లేవలేక వంటింటి నేల మీద పడి ఉంది. కచేరీ అప్పుడే మొదలైంది. ఆయన ఫోను తీసి అంబులెన్సుకి కలిపాడు. నోరు తెరిచాడు. అటు వైపు అమ్మాయి "హలో, చెప్పండి, హలో" అంది. ఇటు నుంచి దుమ్ దుమ్ దుమ్. "పాటలు పెట్టి ఆటలాడుతున్నారా, సిగ్గుండాలి" అని పెట్టేసింది. రెండోసారీ అంతే. ఆఖరికి ఆయన వీధిలోకి పరిగెత్తి, చేతులూపి ఎవరినో లాక్కొచ్చేసరికి నలభై నిమిషాలు పోయాయి. మగపిల్లాడు. ఆవిడ దక్కింది, వాడు దక్కలేదు. ఆసుపత్రి మంచం పక్కన ఆయన వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆవిడే ఆయన తల నిమిరింది. "మీ తప్పేం లేదండీ, మీరేం చేస్తారు" అంది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట మీదే ఆవిడ ఆయనతో కాపురం చేసింది.

పోయిన నెల గుండె డాక్టరు బొమ్మలు తీసి, చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లు మోగీ మోగీ కండ దళసరెక్కిపోయిందమ్మా. ఇంక నాలుగైదు కచేరీల కంటే తట్టుకోలేదు."

ఆ వారంలోనే బ్యాండు వాళ్లు ప్రకటించారు. ఆఖరి యాత్ర, నలభై ఊళ్లు. మొదటి కచేరీ ఇక్కడే, వీళ్ల ఊళ్లోనే, ఆటల మైదానంలో. నలభై అనే అంకెని టైలరమ్మ రెండుసార్లు చదివింది. ఆయన మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. "ఒక్కసారి ఎదురుగా నిలబడి చూడాలే. ఇన్నేళ్లూ వాయించాను గానీ చూడలేదు" అన్నాడు. రెండు టిక్కెట్లు తెచ్చాడు.

"మీరు వెళ్లొద్దు, వాయించనూ వద్దు. ఎలాగైనా మానలేరా?" అంది ఆవిడ.

"నా చేతిలో ఉంటేగా" అన్నాడు, టిక్కెట్టు చొక్కా జేబులో పెట్టుకుంటూ.

కచేరీ ముందు రోజు మధ్యాహ్నం కొట్టు ముందు ఒక వ్యాను ఆగింది. లావుగా, మెత్తగా, యాభై దాటిన మనిషొకడు పెద్ద బట్టల మూట మోసుకుంటూ దిగాడు. చేతివేళ్లు మాత్రం సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. టైలరమ్మ వెంటనే గుర్తుపట్టింది. టీషర్టుల మీది బొమ్మలో చివర నిలబడేది ఇతనే. ఇరవై రెండేళ్లుగా వేదిక మీద, స్పీకర్లకి కలిపే వైరు లేని గిటారు పట్టుకుని వేళ్లాడిస్తున్నవాడు. ఇతని ముందు వచ్చిన ముగ్గురూ సిగ్గుపడి మానేశారు. ఇతను మానలేదు. జనం ప్రేమగానే మూగోడు అని పిలుస్తారు.

"అక్కా, స్టేజి మీద వేసుకునేవి. నడుం దగ్గర రెండంగుళాలు వదలాలి" అన్నాడు మూట విప్పుతూ.

"నాలుగు పాంట్లూనా?"

"నాలుగూ. గాయకుడిది మాత్రం మూడు వదలండి. రెండే వదిలారని నేను చెబుతాను."

టైలరమ్మకి నవ్వొచ్చింది. లోకం మీద తిరగబడదామని బయల్దేరినవాళ్లు ఇప్పుడు తమ పొట్టల మీద తిరగబడలేక ఈ కొట్టుకొచ్చారు. పాంటు తిరగేసి కుట్టు విప్పుతూ, "మీకక్కడ రిహార్సల్ లేదా తమ్ముడూ?" అంది.

"నాకెందుకక్కా? చొక్కా ఇస్త్రీ అయితే చాలు."

అంతలో మైదానంలో రిహార్సల్ మొదలైనట్టుంది. కొట్టు వెనక గదిలోంచి దుమ్, దుమ్ అని వచ్చింది. సెలవు మీద ఉన్న ఆయన లోపల కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. బల్ల మీద సూదుల డబ్బా గలగలలాడింది. మూగోడి మొహం పాలిపోయింది.

"ఆయన లోపలే ఉన్నారా?"

"పిలవనా?"

"వద్దక్కా. ఎదురుపడే మొహం లేదు నాకు." కాసేపు అలాగే నిలబడి విన్నాడు. తెలియకుండానే అతని వేళ్లు బల్ల అంచు మీద అవే స్వరాలు నొక్కుతున్నాయి. "ముందెప్పుడూ ఇలా లేదు. బరువు తగ్గింది. చివర ఊపిరి అందడం లేదు ఆయనకి. ఒంట్లో బావుండటం లేదా?"

ఇరవై రెండేళ్లుగా ఆ మోత వింటున్న మనిషి. డాక్టరుకి బొమ్మ తీస్తే గానీ తెలియనిది ఇతనికి చెవితో తెలిసింది. టైలరమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నదంతా చెప్పేసింది.

విన్నాక అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"వైరు పెట్టుకుంటానని మా గాయకుణ్ని రెండుసార్లు అడిగానక్కా. మొదట్లో ఎవరో పెట్టుకుంటే రెండు మోతలూ కలిసి గందరగోళమైందట. మళ్లీ ఆ మాటెత్తకన్నాడు. అప్పుడు మీ ఆయన కుర్రాడు, గట్టిగా వాయించేవాడు. ఇప్పుడు అలిసిపోయారు. 'నాలుగో అంతస్తు' అని మా పాట ఉంది కదా, మొదట్లో బాస్ ఒక్కటే ఉంటుంది. అక్కడ ఆయనకంటే ముందు నేను అందుకుంటే ఆయనకి దిగడానికి చోటుండదు. అప్పుడు ఆగిపోవాలి. ఆగిందంటే ఇంక ఎప్పటికీ నాదే."

"ఆగకపోతే? రెండూ గుద్దుకుంటే ఆ దెబ్బ ఎవరి గుండె మీద పడుతుంది?"

"అది తెలీదక్కా. అబద్ధం చెప్పను."

ఇద్దరూ లోపలి మోత వింటూ కూర్చున్నారు. వదిలేస్తే అయిదో ఊరికో ఆరో ఊరికో ఖాయంగా పోతాడు. అడ్డుపడితే రేపే పోవచ్చు, లేకపోతే బతకొచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మా అమ్మ పోయేముందు అడిగింది, ఒరే నువ్వసలు వాయిస్తావట్రా అని" అన్నాడు మూగోడు, ఎవరికో చెబుతున్నట్టు.

టైలరమ్మ సూది కింద పెట్టింది. "మీ కోటు ఇటివ్వండి" అంది.

కోటు ఎడమవైపు లోపలి గుడ్డ విప్పి, చంక కింద నుంచి నడుం దాకా సన్నటి గొట్టంలా ఒక దారి కుట్టింది. అందులోంచి వైరు లాగితే పక్కన నిలబడ్డ గాయకుడికి కూడా కనపడదు. బయటికొచ్చే చోట అంచు చిరగకుండా చిన్న చిన్న కాజా కుట్లు వేసింది. ఇన్నేళ్లలో ఆయనకి చెప్పకుండా చేసిన పని అదొక్కటే. రాత్రి ఆయన నిద్రలో పక్కకి తిరిగినప్పుడల్లా ఆవిడకి మెలకువొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఎండ తగ్గితే ఒట్టు. మైదానంలో సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. వచ్చినవాళ్లలో సగం మందికి బట్టతల. జుట్టున్న రోజుల్లో జుట్టు ఊపేవాళ్లు, ఇప్పుడు ఉన్న తలే ఊపుకుంటున్నారు. బీపీ మాత్రలు వేసుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని, నల్ల టీషర్టుల్లో పొట్టలు దూర్చుకుని వచ్చారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. టైలరమ్మ నీళ్లసీసా, తడిగుడ్డ పట్టుకుని ఆయన పక్కనే నిలబడింది. ఆయన కళ్లు వేదిక మీద నుంచి తిప్పడం లేదు.

అయిదున్నరకి డప్పుకర్ర పడింది. పక్కనే ఆయన ఛాతీ, ఎదురుగా ఇల్లంత స్పీకర్లు, రెండూ ఒక్కసారి మోగాయి. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "సార్, కొంచెం అటు జరుగుతారా, నా చెవిలో మోగుతోంది" అన్నాడు. ఈయన తలూపి జరిగాడు. వెనక ఉన్నామె, "మీరేనా ఆ లిఫ్టాయన? మా వారికి మీ మోతంటే ప్రాణం" అని చెప్పి మళ్లీ పాటలో పడిపోయింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం ఆ ఒక్క మాటకే నిటారుగా నిలబడ్డాడు.

ఒక పాట, రెండు, అయిదు. గాయకుడు పాంటు నడుం పట్టుకోకుండా గెంతుతున్నాడు. వదిలిన మూడంగుళాలూ పనికొచ్చాయి. టైలరమ్మ పాట వినడం లేదు. ఆయన మణికట్టు పట్టుకుని ఉంది. ఆరో పాటకి చొక్కా తడిసి ముద్దయింది. ఏడో పాటకి పెదాలు నల్లబడ్డాయి. ఒక్కో మోతకీ ఆయన మోకాళ్లు కొంచెం వంగుతున్నాయి. కూర్చోండి అని చొక్కా పట్టి లాగింది. కూర్చోలేదు.

అప్పుడు దీపాలన్నీ తగ్గించి మూగోడి మీద ఒక్క దీపం వేశారు. నాలుగో అంతస్తు పాట. ఈ పాట బాణీ ఆయనదే, కారు షెడ్డు రోజుల్లో కట్టింది. రికార్డు చేసిన రోజు చెమటకి వేలు జారి ఒక స్వరం ఆలస్యంగా పడింది. మళ్లీ వాయించే ఓపిక ఎవరికీ లేక అలాగే వదిలేశారు. ఆ ఖాళీలో జనం రెండు చప్పట్లు కొడతారు. ఎక్కడైనా, ఏ ఊళ్లోనైనా. లోకమంతా నా తప్పుకి చప్పట్లు కొడుతుంది అని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. నవ్వు పైపైనే, లోపల అది ఆయన ఆస్తి.

ఆయన ఊపిరి తీసుకున్నాడు. టైలరమ్మ కళ్లు మూసుకుంది.

మొదటి స్వరం వేదిక మీద నుంచి వచ్చింది. ఆవిడ పట్టుకున్న చేతిలోకి మాత్రం ఏమీ రాలేదు. పోయాడనుకుని కళ్లు తెరిచింది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రెండో స్వరం, మూడోది. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. మామూలు గుండె, మామూలుగా కొట్టుకుంటోంది. మూగోడు శుద్ధంగా వాయిస్తున్నాడు. వేలు జారలేదు. ఖాళీ ఉండాల్సిన చోట స్వరం సరిగ్గా పడింది. జనం చప్పట్లు దాని మీద పడి చెదిరిపోయాయి. కొందరు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. రెండోసారి అదే చోటు వచ్చేసరికి చప్పట్లు తాళంలో ఒక మాత్ర పక్కకి జరిపి కొట్టారు. మూడోసారికి, ఎప్పుడూ అక్కడే కొడుతున్నట్టు కొట్టారు. గాయకుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, భుజాలెగరేసి, పాట అందుకున్నాడు.

అంతే. ముప్ఫై ఏళ్ల మోత ఆగిపోతే జనానికి సర్దుకోవడానికి పట్టింది మూడు చప్పట్లు.

ఆయన పెదాలకి రంగొచ్చింది. చెయ్యి చల్లబడి మామూలు మనిషి చెయ్యిలా అయింది. టైలరమ్మ ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. బతికాడు, నా మొగుడు బతికాడు అనుకుంది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది గానీ అందరూ గొంతు చించుకుని పాడుతున్నారు. వేదిక మీద మూగోడు కోటు చేతితో మొహం తుడుచుకుంటూ మిగతా పాటలన్నీ వాయించాడు. చెమటో కన్నీళ్లో దూరానికి తెలియలేదు.

ఏడున్నరకి వదిలారు. వీధి దీపాలు వెలిగాయి. మట్టిలోంచి వేడి పైకి తన్నుతోంది. జనం మధ్యలో బస్టాపు వైపు నడుస్తున్నారు ఇద్దరూ. ఆయనకి చెబుదామా వద్దా అని ఆవిడ తేల్చుకోలేకపోతోంది. తిట్టినా పడదామనుకుంది. ఒక మనిషి ప్రాణం నిలబెట్టడానికి చేసిన పని, దొంగతనమైతే మాత్రం ఏం?

"వైరు చూశాను" అన్నాడు ఆయన.

ఆవిడ సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"పెద్ద తెర మీద వాడి కోటు పక్క నుంచి చూపించారు. ఆ కాజా కుట్టు నీదే. ఊళ్లో ఇంకెవరూ అంత దగ్గర దగ్గరగా వెయ్యరు."

"కోపంగా ఉందా?"

"కోపమెందుకు?" ఆయన నవ్వాడు. కచేరీ అయిన రోజు ఆయన గొంతు బొంగురుపోయి మర్నాటి దాకా మాట సరిగ్గా రాదు. ఇవాళ గలగలా వస్తోంది. "వాడు అందుకున్నాడు. నేను కావాలంటే పైనుంచి తొక్కేసేవాణ్ని. వాడి వల్ల అయ్యేదా? కానీ నువ్వంత కష్టపడి కుట్టావు. సరే, పోనీ నీ కోసం ఆపేద్దాం అనుకున్నా. ఆపేశా."

చాలా గొప్ప పని చేసినట్టు చెప్పాడు. మెచ్చుకుంటుందేమోనని పక్కకి చూశాడు కూడా.

టైలరమ్మ నాలుగడుగులు నడిచాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు. దిగాక ఆగిపోయింది. వెనక వస్తున్నవాళ్లు తప్పుకుని పోతున్నారు.

"ఆపేశారా? ఆపడం మీ చేతిలో ఉందా?"

"ఉందిలే. ఇక్కడ, డొక్క కింద గట్టిగా బిగబట్టాలి. అంతే."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదట్లోనే. మనకింకా పెళ్లి కాలేదు. లిఫ్టు గొయ్యిలో ఉండగా ఫోర్‌మన్ కేకేస్తే జవాబు చెప్పడానికి బిగబట్టా. ఆగింది. ఎంతసేపనుకున్నావు, ఒక పూర్తి చరణం. మర్నాడు పేపర్లన్నీ వెతికా. బాస్ ఆగిందని ఒక్కడు రాస్తే ఒట్టు. ఒక్క మనిషి కూడా గమనించలేదు." ఆయన గొంతు తగ్గింది. "భయమేసింది. ఇంకోసారి ఆపితే ఇంకోసారి అదే తెలుస్తుంది కదా. అందుకే మళ్లీ ఎప్పుడూ ఆపలేదు. ఇవాళ చూశావుగా. చప్పట్లు కూడా పక్కకి జరిపేసుకున్నారు వెధవలు."

ఆయన మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. టైలరమ్మకీ వేసేది, పది నిమిషాల ముందైతే.

"మీ అమ్మగారు పోయిన రోజు?" అంది.

ఆయన బస్టాపు వైపు చూశాడు.

"వంటింట్లో నేను పడి ఉన్న రోజు? ఫోను మీ చేతిలోనే ఉంది."

"అది... అది వాళ్ల మొదటి పెద్ద కచేరీ. అరవై వేల మంది. రెండో పాట మధ్యలో ఉంది." మాటలు వెతుక్కున్నాడు. "ఆ పాట అయిపోగానే చెబుదామనుకున్నా. నిజం. ఈలోగా ఆ పిల్ల పెట్టేసింది. మళ్లీ చేశాను కదా. అంత దాకా వస్తుందని ఎవరికి తెలుసు?"

"ఇల్లు, వీధి, నంబరు. మూడు మాటలు చాలు."

"తెలుసు."

"మూడు మాటలండీ."

"తెలుసన్నాను కదా! ఇన్నేళ్లు నేను మాత్రం సుఖంగా ఉన్నానా?"

టైలరమ్మకి ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. తన పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగా ఉండగా, లేచి కూర్చోలేక పక్కకి ఒరిగి, ఈ తల నిమిరింది. మీ తప్పేం లేదంది. అప్పుడాయన ఆ మాట ఆపలేదు. తల ఇంకొంచెం దగ్గరికి పెట్టాడు. ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది ఆవిడకి. చిరిగిన చోటు కనపడితే కుట్టొచ్చు. గుడ్డంతా జీర్ణించిపోయి ఉంటే సూది ఎక్కడ దిగుతుంది?

బస్సొచ్చింది. కచేరీ జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయన ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరకబుచ్చుకుని, పక్క సీటు మీద చెయ్యి పెట్టి ఆవిడ కోసం ఆపాడు. ఆవిడ కిందే నిలబడింది. సంచీలోంచి మందుల అట్ట, నీళ్లసీసా తీసి కిటికీలోంచి అందించింది.

"పడుకునేముందు ఒకటి, పొద్దున్న ఒకటి. మర్చిపోకండి."

"ఇదేంటి, ఎక్కు."

"నేను అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను."

"ఇప్పుడా? రేపొస్తావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎల్లుండా అని అడగబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"నీకోసమే కదా ఆపాను" అన్నాడు.

"తెలిసింది" అంది ఆవిడ. "ఆపగలరని తెలిసింది."

"అమ్మా, ఎక్కుతారా, పోనివ్వమంటారా?" అని డ్రైవరు అరిచాడు.

"పోనివ్వండి బాబూ."

బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి సగం బయటికి వంగి ఆవిణ్ని పిలిచాడు. ఒక్కసారి కాదు, మలుపు తిరిగేదాకా పిలుస్తూనే ఉన్నాడు. ఎక్కడా తడబాటు లేకుండా ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. టైలరమ్మ అవతలి వైపు బస్టాపుకి రోడ్డు దాటింది.